లేసు పందిరి కింద మౌనిక పెళ్ళి

2022, కార్తీకమాసం చివరి రోజులు. భీమవరంలో మా డెకరేషన్ షాపు ఆ రోజుల్లో సందడిగా ఉంటుంది. మాఘంలో ముహూర్తాలున్నవాళ్ళు అప్పుడే వచ్చి మండపం మాట్లాడుకుని వెళ్తారు. షామియానాలు, కుర్చీలు అద్దెకివ్వడంతో మొదలైన పని నాది. ఇప్పుడు బ్యాక్‌డ్రాప్ లేనిదే పెళ్ళి లేదు. బ్యాక్‌డ్రాప్ అంటే పెళ్ళిపీటల వెనక నిలబెట్టే అలంకరణ గోడ. ఫొటోల్లో వధూవరుల వెనక కనబడేదంతా అదే. మా గోడౌన్ నిండా ఫైబర్ హంసలు, నెమళ్ళు, ప్లాస్టిక్ పూలదండలు, అద్దాల స్తంభాలు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి మేము స్టాకు అంటాం. ఈ వారం ఉండిలో పెళ్ళి చూసిన హంసే వచ్చే వారం పాలకొల్లులో ఇంకో పెళ్ళి చూస్తుంది. మధ్యలో మారేది లైటు రంగు ఒక్కటే.

అలాంటి రోజున ఒకమ్మాయి ఒంటరిగా షాపులోకి వచ్చింది. పేరు మౌనిక. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తోంది. పెళ్ళి మాట్లాడుకోవడానికి పెళ్ళికూతురే ఒంటరిగా రావడం మా దగ్గర అరుదు. కూర్చోబెట్టి ఆల్బం చేతికిచ్చాను. పేజీ పేజీ ఓపిగ్గా తిప్పి చివరి దాకా చూసింది. మూసి టేబుల్ మీద పెట్టింది.

"అన్నీ బాగున్నాయండి. కానీ ఇవేవీ వద్దండి."

"మరేం కావాలమ్మా?"

"మా అమ్మ చేసింది కావాలండి."

నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది. వాళ్ళది నరసాపురం దగ్గర గోదావరి గట్టు మీద ఒక పల్లె. నాన్న సత్తియ్య గారు నది మీద చేపల వేటకి వెళ్తారు. అమ్మ మహాలక్ష్మి గారు లేసు అల్లుతారు. పెళ్ళికొడుకు ఫణి తనతోపాటే ల్యాబులో పని చేస్తాడు. వాళ్ళది రామచంద్రపురం దగ్గర వ్యవసాయ కుటుంబం, వరి, కొబ్బరితోట. పెళ్ళి కోసం రెండిళ్ళల్లో ఎవరూ అప్పు చెయ్యకూడదనీ, తాము దాచుకున్న దాంట్లోనే చేసుకోవాలనీ వాళ్ళిద్దరూ ముందే అనుకున్నారు. ఆమె చెప్పిన బడ్జెట్ విన్నాక నా మనసులో ఒక చిన్న బ్యాక్‌డ్రాప్, చెరో పక్కన ఒక హంస మెదిలాయి. అదే చెప్పబోయాను.

"బడ్జెట్ తక్కువని తెలుసండి," అంది నా మొహం చూసి. "తక్కువలో ఏదో ఒకటి అయిపోతే చాలనుకుంటే మీ దాకా వచ్చేదాన్ని కాదు. మా ఇంటి పెళ్ళి మా ఇంటి పెళ్ళిలా కనబడాలండి. ఒక్కసారి వచ్చి చూడండి."

మా పనిలో సైట్ విజిట్ అని ఒకటుంటుంది. స్థలం చూసి, కొలతలు తీసుకుని, కరెంటు ఎక్కణ్ణించి లాగాలో చూసుకుని రావడం. సాధారణంగా మా కుర్రాళ్ళని పంపేస్తాను. ఆ ఆదివారం మాత్రం నేనే వెళ్ళాను. ఎందుకంటే ఇన్నేళ్ళలో ఎవరూ నా ఆల్బం అంత మర్యాదగా మూసి పక్కన పెట్టలేదు!

వాళ్ళ ఇంటి ముందు విశాలమైన ఖాళీ జాగా, దాని అవతల గట్టు, గట్టు దిగితే గోదావరి. ఆ వీధి అరుగుల మీద ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ లేసు అల్లుతున్నారు. వాళ్ళ కళ్ళు మా వ్యాను మీదే ఉన్నాయి గానీ వేళ్ళు మాత్రం ఆగలేదు. మహాలక్ష్మి గారు మంచినీళ్ళిచ్చి, నేను అడగ్గానే ఒక డబ్బా తెచ్చారు. అందులో తెల్లటి లేసు పువ్వులు. ఒక్కొక్కటి అరచేయంత.

"ఇవి కాదండి, మీరు చేసిన పెద్ద ముక్క ఏదైనా చూపించండి. కర్టెనో, మంచం మీద దుప్పటో," అన్నాను.

ఆవిడ నవ్వారు. "నా దగ్గర అలాంటివి ఉండవండి. నేను పువ్వులే చేస్తాను. అతుకు పని వేరేవాళ్ళది, అంచు ఇంకొకళ్ళది. ముక్క మొత్తం అయ్యేటప్పటికి షావుకారు గారింటికి వెళ్ళిపోతదండి. అక్కణ్ణించి ఏ దేశమో పోద్ది."

"చిన్నప్పట్నించీ అల్లుతున్నారు కదా, ఒక్కటైనా పూర్తిగా చూడలేదా?"

"ఒకటి రెండుసార్లు చూసుంటానండి. మడతపెట్టి ఉండగా."

నేను ఒక పువ్వు చేతిలోకి తీసుకుని వాకిట్లోకి వచ్చాను. పని ఎలా ఉందో వెలుగులో చూద్దామని ఎండకి పైకెత్తాను. సిమెంటు గచ్చు మీద దాని నీడ పడింది. ఒక్కో రేక, రేకల మధ్య ఒక్కో కన్నం, అంచున చిన్న చిన్న ముళ్ళు, అన్నీ ముగ్గు వేసినంత స్పష్టంగా కనబడ్డాయి. ఇలాంటి పువ్వులు వందలుగా కలిపి పందిరి పైకప్పుగా కడితే? పొద్దుటి ఎండ అందులోంచి దిగి పెళ్ళిపీటల మీద, తెల్లటి పంచె మీద, పెళ్ళికూతురి చీర మీద పడితే? లైట్లక్కర్లేదు, ప్లాస్టిక్ పూలక్కర్లేదు, ఆ గోడే అక్కర్లేదు.

"ముహూర్తం ఎప్పుడమ్మా?" అని అరిచినంత పని చేశాను.

"పొద్దున్న పదిన్నర ప్రాంతంలో అండి," అంది మౌనిక కంగారుగా. "ఏం, ఇబ్బందా?"

"అదృష్టం!" అన్నాను.

అరుగుల మీది ఆడవాళ్ళకి విషయం చెప్పగానే వాళ్ళే తోవ చూపించారు. మౌనిక పెళ్ళికి ఎవరూ చదివింపులు చదివించరు, గిన్నెలూ గడియారాలూ తేరు. ఎవరి తీరికని బట్టి వాళ్ళు పువ్వులు చేసిస్తారు. అతుకు పని తెలిసిన ఇద్దరు వాటిని కలుపుతారు. నేను దారం ఉండలు కొనిచ్చి, పైన కట్టడానికి చట్రం తయారు చేస్తాను. తిరిగి భీమవరం వస్తూ దారి పొడుగునా మా డ్రైవరుకి ఇదే చెప్పాను. వాడు విని విని, "మరి మన హంసలండీ?" అని అడిగాడు.

ధనుర్మాసంలో శాంపిల్ చూపించే రోజు వచ్చింది. శాంపిల్ అంటే మొత్తం పని మొదలెట్టే ముందు ఒక చిన్న భాగం కట్టి పార్టీకి చూపించడం. ఆ రోజు ఫణి వాళ్ళమ్మ సావిత్రమ్మ గారు కూడా వచ్చారు. అప్పటికి తయారైన పువ్వులన్నీ కలిపి మంచం దుప్పటంత ముక్క చేశాం. నాలుగు గుంజలు పాతి, నాలుగు మూలలూ తాళ్ళతో లాగి కట్టాను. కట్టడం అయి వెనక్కి జరిగి చూశాను. మధ్యలో బొజ్జలా కిందికి వేలాడుతోంది. ఒకరి అల్లిక బిగువు, ఒకరిది వదులు కావడంతో అక్కడక్కడా ముడతలు పడింది. నీడ చూస్తే పువ్వులూ లేవు, రేకులూ లేవు, ఏదో మరకలా ఉంది.

సావిత్రమ్మ గారు చాలాసేపు చూసి మెల్లగా అన్నారు. "సూరిబాబు గారూ, ఏమీ అనుకోకండి. ఇది దోమతెరలా ఉందండి."

మహాలక్ష్మి గారు చేతిలో ఉన్న పువ్వుని కొంగులో దాచుకున్నారు. నాకు ఆ లేసులోకే దూరిపోవాలనిపించింది.

సావిత్రమ్మ గారు నన్ను గట్టు వైపు పక్కకి తీసుకెళ్ళారు. కోప్పడతారనుకున్నాను. ఆవిడ గొంతులో కోపం లేదు.

"మా వాళ్ళలో కొందరికి ఈ సంబంధం ఇష్టం లేదండి. మా బావగారైతే నెల రోజులు మా గుమ్మం తొక్కలేదు. పిల్ల బంగారం, పిల్లాడు ఇష్టపడ్డాడు, ఇంకేం కావాలని నేను అందరితోనూ పోట్లాడి ఒప్పించాను. రేపు వాళ్ళంతా వచ్చి ఈ దోమతెర కింద కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటే, ఆ నవ్వు నాక్కాదండీ, ఆ పిల్లకి తగుల్తుంది. అందరికీ ఉండే స్టేజీ పెట్టెయ్యండి. ఆ ఖర్చు నాకొదిలెయ్యండి. ఎవరికీ నోరెత్తే సందు ఇవ్వద్దు."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. పైగా ఆవిడ చెప్పినట్టు చేస్తే నాకు లాభం కూడా ఎక్కువే. స్టాకు సిద్ధంగా ఉంది, పొద్దున్నకల్లా నిలబెట్టేస్తాం. నేను సరేననడానికి నోరు తెరిచేలోపే వెనకనుంచి మౌనిక వచ్చింది. అంతా విన్నట్టుంది.

"అత్తయ్యగారూ, మీరు మా కోసం ఎంత పోట్లాడారో ఫణి చెప్పాడండి. మీకు తలవంపులు తెచ్చే పని నేను చెయ్యను. ఒక్క వారం టైమివ్వండి. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ హంసల మధ్యే కూర్చుంటాను. కానీ ఖర్చు మాత్రం మీరు పెట్టుకోకూడదండి."

సావిత్రమ్మ గారు ఆ పిల్ల మొహంలోకి చూశారు. "సరేనమ్మా. వారం," అని బండెక్కారు.

ఆ బండి మలుపు తిరగ్గానే నేను లేసు ముక్క కింద గచ్చు మీద చతికిలబడ్డాను. అంతసేపూ అరుగు చివర కూర్చుని వల బాగుచేసుకుంటున్న సత్తియ్య గారు లేచి వచ్చారు. ఆయన అంతకుముందు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

"నాలుగు మూలలే లాగితే బరువంతా మధ్యకొచ్చేస్తదండి. వలైనా అంతే," అన్నారు.

"వలని ఎలా కడతారు మరి?"

ఆయన తన వల తెచ్చి నా ఒళ్ళో పరిచారు. వల పై అంచు పొడుగునా ఒక తాడు నడుస్తుంది. వలని ఆ తాడుకి జానెడు జానెడుకీ ముడి వేసి పట్టిస్తారు. లాగేది తాడుని, వలని కాదు. అప్పుడు బరువు ఒక్కచోటికి చేరకుండా అంచు మొత్తానికి సర్దుకుంటుంది. చూస్తూ చూస్తూ ఉండగానే నా బుర్రలో లెక్క మారిపోయింది. నా దగ్గర ట్రస్ ఉంది. ట్రస్ అంటే స్టేజీలకి వాడే ఇనుప గొట్టాల చట్రం. ఆ చట్రానికి తాడు, తాడుకి లేసు!

"మరి ముడతలో?" అన్నాను.

ఈసారి మహాలక్ష్మి గారు అందుకున్నారు. "గంజి పెట్టాలండి. తడిగా ఉండగానే చెక్క మీద సాగదీసి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఎండలో వదిలేస్తే పువ్వులన్నీ ఒక కొలతకొస్తాయి. షావుకారు గారి దగ్గర అలాగే చేస్తారంట. నేనెప్పుడూ చూళ్ళేదు గానీ, విన్నాను."

ఆ వారం నేను షాపు మా తమ్ముడికి అప్పగించి రోజూ ఆ ఊరే వెళ్ళాను. మా ఆవిడ, "పెళ్ళి వాళ్ళదా, మీదా?" అని అడిగింది. గంజి మొదటిసారి చిక్కనైపోయి పువ్వులు అప్పడాల్లా పెళపెళలాడాయి. రెండోసారి పల్చనైంది. మూడోసారి కుదిరింది. నా ప్లైవుడ్ చెక్కలన్నీ వాళ్ళ వాకిట్లో వరసగా పరిచి, వాటి మీద లేసు ముక్కలు ఆరబెట్టాం. వీధి వీధంతా వచ్చి చూసింది. సత్తియ్య గారు వేటకి వెళ్ళొచ్చి, స్నానం చేసి, తాడు ముడులు వెయ్యడానికి కూర్చునేవారు. భార్య అల్లిన పువ్వుకి ఆయన ముడి వేస్తుంటే మౌనిక ఫోనులో ఫొటోలు తీసుకుని ఫణికి పంపేది.

సావిత్రమ్మ గారు చెప్పిన రోజుకి వచ్చారు. ఈసారి లేసు ట్రస్‌కి తాంబాళంలా బల్లపరుపుగా నిలబడింది. ఆవిడ దాని కిందికి వెళ్ళి తల పైకెత్తారు. తర్వాత తన చెయ్యి చాపి చూసుకున్నారు. అరచేతిలో నీడ పువ్వు పడింది. చెయ్యి అటూ ఇటూ తిప్పారు, పువ్వు వేళ్ళ మీదికి పాకింది. చిన్నపిల్లలా ఇంకో చెయ్యి కూడా చాపారు.

"పందిరంతా ఇలాగే వస్తుందాండి?" అన్నారు.

"అంతా వస్తుందండి," అని మాటిచ్చేశాను.

మా పనిలో ఎప్పుడూ చెయ్యకూడనిది అదే. సరుకు చేతికి రాకముందే మాటివ్వడం. పుష్యమాసంలో ఆ వీధికి ఎగుమతి ఆర్డరొకటి అర్జెంటుగా వచ్చింది. అందరి చేతులూ దాని మీదే. పెళ్ళి పువ్వులు ఆగిపోయాయి. ఉన్నవాటిని లెక్క చూస్తే పెళ్ళిపీటల మీదికి సరిపోతాయి, మిగతా పందిరంతా ఖాళీ.

"పెళ్ళి పనే ముందు చేసిపెట్టమని ఒక్కమాట అడగండి మహాలక్ష్మి గారూ. మీ మాట కాదనరు," అన్నాను.

"కాదనరండి. అందుకే అడగను." ఆవిడ సూది ఆపలేదు. ఆవిడ చేతిలో ఉన్నది కూడా ఆర్డరు పువ్వే. "ఈ పని పోతే మళ్ళీ ఎప్పుడొస్తదో తెలీదు. వాళ్ళ చేతిలో పని ఆపించి నా కూతురు పెళ్ళి చెయ్యనండి."

మౌనిక కూడా తల్లి మాటే అంది. ఇక సావిత్రమ్మ గారికి ఫోన్ చెయ్యడం నా వంతు. నంబరు నొక్కడానికి నాకు కొంత ధైర్యం కావలసి వచ్చింది. విషయం అంతా చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు.

"ఎంతమేర ఖాళీగా ఉంటుందండి?"

"పీటల మీద లేసు వస్తుందండి. చుట్టూ జనం కూర్చునే చోటంతా ఖాళీ. గుడ్డ వేసి కప్పమంటే కప్పేస్తాను."

"గుడ్డెందుకండీ? మా తోటలో కొబ్బరాకు లేదా?" అన్నారు ఆవిడ.

ఫోన్ పెట్టేశాక కుర్చీలోంచి లేచి షాపులో అటూ ఇటూ తిరిగాను. ఆ ఆలోచన నాకెందుకు రాలేదు? నా మొదటి ప్లాను కంటే ఇది బాగుంది! పందిరంతా లేసైతే వెలుగు అన్నిచోట్లా సమానంగా పడుతుంది. చుట్టూ పచ్చి కొబ్బరాకుతో చిక్కగా కప్పేసి మధ్యలో మాత్రం లేసు పెడితే, చుట్టూ చల్లని నీడ, పీటల మీద మాత్రం వెలుగు. మేము వేలకి వేలు పెట్టి ఫోకస్ లైట్లతో చేసేది అదే.

పెళ్ళి ముందు రోజు పొద్దున్న ట్రాక్టరు నిండా కొబ్బరాకు దిగింది. సావిత్రమ్మ గారు, ఆవిడ భర్త, తోటలో పనిచేసేవాళ్ళు కొందరు వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి పెళ్ళికూతురి వాకిట్లో కొంగు బిగించి ఆకు అల్లడం ఆ వీధి ఎన్నడూ చూసి ఉండదు. "మీరెందుకు వదినగారూ, లోపలికి రండి," అని మహాలక్ష్మి గారు ఎంత బతిమాలినా ఆవిడ కదల్లేదు.

"నా పెళ్ళికి మా నాన్న వేసిన పందిరి ఇలాంటిదే వదినగారూ. ఆకు వాసన ఇంకా గుర్తుంది నాకు," అంటూ పక్కన చోటు చూపించారు. మహాలక్ష్మి గారు కూడా కూర్చుని లేసు అంచు సరిచెయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి సావిత్రమ్మ గారు అడిగారు.

"ఇన్నేళ్ళు అల్లారు కదా. మీ కోసం ఒక్కటీ దాచుకోలేదా?"

"పువ్వు నాది, అతుకు ఇంకొకళ్ళది, సరుకు షావుకారిది. ఏం దాచుకుంటాను వదినగారూ?"

సావిత్రమ్మ గారు ఆకు పక్కన పెట్టి లేసు రెండో అంచు పట్టుకున్నారు. సాయంత్రానికి ఇద్దరూ కలిసే దాన్ని చట్రం దాకా మోసుకొచ్చారు.

పెళ్ళి రోజు తెల్లవారింది. బయటికొచ్చి చూస్తే గోదావరి లేదు, గట్టు లేదు, పక్కింటి కప్పు కూడా లేదు. మాఘమాసపు మంచు! నా పందిరి మొత్తం ఎండ మీద ఆధారపడింది. ఎండే లేదు. తొమ్మిదయ్యేటప్పటికి మంచు కొంచెం పల్చబడింది గానీ సూర్యుడు పాలలో వేసిన బిళ్ళలా ఉన్నాడు. ముందు జాగ్రత్తకి రెండు ఫోకస్ లైట్లు తెచ్చాను. పెట్టనా వద్దా అని మౌనిక దగ్గరికి వెళ్ళి గుమ్మం బయటనుంచే అడిగాను.

"వద్దండి. వస్తే వస్తుంది, లేకపోతే లేదు," అంది జడ వేయించుకుంటూ. "మీరు ముందు టిఫిన్ చెయ్యండి."

రామచంద్రపురం నుంచి బస్సు వచ్చింది. ముందుగా దిగింది సావిత్రమ్మ గారి బావగారు, తెల్ల మీసం, ఇస్త్రీ పంచె. ఆయన పందిరి గుమ్మం దగ్గర ఆగి పైకి చూసి, నేరుగా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. సావిత్రమ్మ గారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

ముహూర్తం దగ్గర పడుతుండగా వీధిలోని లేసు ఆడవాళ్ళంతా గుంపుగా వచ్చారు. వాళ్ళ చేతిలో ఒక మడత. విప్పితే అడ్డుతెర! జీలకర్ర బెల్లం పెట్టే దాకా వధూవరులు ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో పట్టే తెర. దాన్ని మొత్తం లేసుతో అల్లారు. ఆర్డరు పని మధ్యలో, ఇంట్లోవాళ్ళు తిండికి పిలిచే లోపు దొరికిన సందుల్లో తలో ముక్కా చేశారట. మహాలక్ష్మి గారికి తెలియకుండా దాచారు. ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒక్కో పువ్వూ తడిమి చూసుకున్నారు.

పురోహితుడు దాన్ని ఇద్దరి మధ్యా పట్టించి, ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తెర దివ్యంగా ఉంది. కానీ అబ్బాయి నవ్వడం నాకే కనబడుతోంది, అమ్మాయికి కనబడదా?"

పందిరంతా గొల్లుమంది. నిజమే, లేసులోంచి అంతా కనబడుతోంది! అల్లినవాళ్ళు నాలుక కరుచుకున్నారు. పాత తెర తెమ్మని ఎవరో అరిచారు. అప్పుడు సావిత్రమ్మ గారు చరచరా వెనక వరసలోకి వెళ్ళి, బావగారి ముందు నిలబడి, "బావగారూ, మీ కండువా ఒకసారి ఇస్తారా?" అని చెయ్యి చాపారు. అంత జనంలో ఆయన కాదనలేకపోయారు. కొత్త పట్టు కండువా భుజం మీంచి తీసిచ్చారు. నేను పరుగెత్తుకెళ్ళి గుండుసూదులతో దాన్ని లేసు వెనక గుచ్చాను. మీగడ రంగు పట్టు మీద తెల్ల పువ్వులు ఇంకా బాగా కనబడ్డాయి. ఆ తెర వెనకే జీలకర్ర బెల్లం పెట్టారు, మేళం గట్టిగా మోగింది.

మంగళసూత్రం అయింది. తలంబ్రాలు మొదలయ్యాయి. మౌనిక దోసిలి ఎత్తి ఫణి తల మీద పోస్తూ ఉంది. నేను పక్కన నిలబడి కింద పడుతున్న బియ్యం వైపు చూస్తున్నాను. బియ్యం మీద ఏదో గీత కదిలినట్టనిపించింది. కళ్ళు నలుపుకున్నాను. గీత కాదు, రేక. మంచు విడిపోతోంది. మసకగా ఒక పువ్వు, దాని పక్కన ఇంకొకటి, ఫణి పంచె మీద మూడు, మౌనిక చేతుల మీద రెండు. ఎవరో ముగ్గు గిన్నె పట్టుకుని తిరుగుతున్నట్టు ఒక్కొక్కటే తేలుతూ, ముదురుతూ, కాసేపట్లో పీటల మీదంతా పూసేశాయి. తలంబ్రాలు పోస్తుంటే బియ్యం ఆ పువ్వుల మీంచి జారుతోంది. ముందు వరసలో పిల్లలు నీడల్ని పట్టుకోవడానికి మండపం ఎక్కేశారు. ఫొటోగ్రాఫరు నేల మీద బోర్లా పడుకున్నాడు.

వెనకనుంచి ఒకాయన జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చారు. బావగారు. ఫోన్ తీసి ముందు నేల మీద పువ్వులు, తర్వాత పైన లేసు ఫొటో తీశారు. పక్కన నిలబడ్డ నన్ను, "ఇది ఎవరు చేశారండి?" అని అడిగారు.

నేను మహాలక్ష్మి గారిని చూపించాను. ఆవిడకి ఆ మాటలు వినబడలేదు. కన్యాదానం పీట మీంచి లేచి, లేసు కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు. అక్కడ ఒక పువ్వు వైపు వేలు చూపించి పక్కనున్న సత్తియ్య గారితో ఏదో అన్నారు. ఆయన ఇంకో పువ్వు చూపించారు. ఏది ఎవరు చేసిందో చెప్పుకుంటున్నారని తర్వాత తెలిసింది. ఆవిడకి ప్రతి పువ్వూ గుర్తుందట, ఏ చేతిదో.

భోజనాలయ్యాక పందిరి విప్పుతుంటే లేసు ఎవరింటికి వెళ్ళాలనే మాట వచ్చింది. మహాలక్ష్మి గారు వియ్యాలవారికే ఇస్తామన్నారు. సావిత్రమ్మ గారు ఒప్పుకోలేదు. "అడ్డుతెర మేం తీసుకెళ్తాం. ఆ పెద్దది మాత్రం మీ ఇంట్లోనే ఉండాలి వదినగారూ," అని స్వయంగా మడతపెట్టి ఆవిడ చేతుల్లో పెట్టారు. బావగారు కండువా వెనక్కి అడగలేదు.

ఆ ఫొటోలు ఎంతమంది చూశారో గానీ, తర్వాతి శ్రావణానికి మా షాపుకి చాలామంది వచ్చారు. అందరిదీ ఒకటే మాట: "మాకూ ఆ లేసు పందిరి వెయ్యండి." లేసు కొని స్టాకులో పెట్టుకుంటే సరిపోయేది. మా తమ్ముడు అదే చెయ్యమన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. స్టాకులో చేరిన మరుక్షణం అది కూడా ఇంకో హంస అయిపోతుంది.

ఆ పెళ్ళి నాకు నేర్పింది ఇది. పెళ్ళి మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి నేనిప్పుడు ముందు ఆల్బం ఇవ్వను. మీ ఇంట్లో ఎవరి చేతికి ఏ పని వచ్చు అని అడుగుతాను. తక్కువ ఖర్చులో పెళ్ళి చెయ్యాలంటే ఏం తగ్గించాలా అని ఇన్నేళ్ళూ ఆలోచించాను. ఇంట్లో అప్పటికే ఏం ఉందో అడగాలని తోచలేదు. చాలామంది, "మా ఇంట్లో ఎవరికీ ఏమీ రాదండి," అంటారు. నేను కాఫీ తెప్పించి ఊరుకుంటాను. కాఫీ సగంలో ఉండగా ఎవరో ఒకరు తలెత్తుతారు. మొన్న అత్తిలి నుంచి వచ్చిన పెళ్ళికొడుకు అలాగే తలెత్తి, "మా బామ్మ ఈత చాపలు అల్లేదండి. కానీ పెద్దదైపోయింది, ఇప్పుడేం అల్లుతుంది?" అన్నాడు.

వ్యాను తాళాలు తీసుకున్నాను. "పదండి, ఆవిణ్ణే అడుగుదాం."